మెత్తబడిన పడవ డెక్కు: కారణాలు, పరీక్ష, మరమ్మతు విధానం

ఫైబర్ పడవకు తుప్పు పట్టదు, చెదలు పట్టవు, ఏటేటా సందులు పూడ్చే శ్రమ ఉండదు అన్న నమ్మకం తీర గ్రామాలలో బలంగా ఉంది. నలభై, యాభై సంవత్సరాల నాటి తెరచాప పడవలను పరిశీలిస్తే ఈ నమ్మకం సగమే నిజమని తెలుస్తుంది. ఫైబర్ కుళ్ళదు. కాని ఫైబర్ పొరల నడుమ దాగి ఉన్న చెక్క కుళ్ళుతుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. అడుగు వేసినప్పుడు మాత్రం పాదం కింద డెక్కు కొద్దిగా కుంగి, మళ్ళీ పైకి లేస్తుంది. వాన కురిసిన మరునాడు లోపలి గదిలో ఏదో ఒక మూల గోధుమరంగు నీటిచుక్క వేలాడుతుంది. ఈ రెండు లక్షణాలూ ఒకే జబ్బుకు సంబంధించినవి.

ఇది అందానికి సంబంధించిన లోపం కాదు. పడవ అంచున నిలబెట్టిన కడ్డీలు, తాడు కట్టే కొమ్ములు, తెరచాప కొయ్యను పక్కలకు లాగి నిలిపే ఉక్కు తీగల పట్టీలు అన్నీ డెక్కును ఆధారం చేసుకొనే ఉంటాయి. అల ఒరిపిడికి మనిషి తూలి అంచు కడ్డీని పట్టుకొన్నప్పుడు, దాని మొదట్లోని చెక్క కుళ్ళి ఉంటే కడ్డీ ఊడి చేతికి వస్తుంది. తీగ పట్టీ సడలితే తెరచాప కొయ్య మొత్తమే కూలిపోవచ్చు. అందువలన మెత్తబడిన డెక్కును పడవ ప్రాణానికీ, పడవలోని వారి ప్రాణానికీ సంబంధించిన విషయంగానే చూడాలి.

డెక్కు లోపల ఏముంటుంది?

ఫైబర్‌గ్లాసుతో తెరచాప పడవలను పెద్ద సంఖ్యలో తయారు చేయడం అమెరికాలో 1950ల చివర మొదలైంది. 1959 జనవరిలో న్యూయార్కు పడవల ప్రదర్శనలో కనిపించిన 28 అడుగుల పియర్సన్ ట్రైటన్ ఆ తరానికి పేరెన్నికగన్న ఉదాహరణ. 1960 నుండి 1990 వరకు తయారైన ఇటువంటి పడవలు వేల సంఖ్యలో నేటికీ నీటిపై ఉన్నాయి. వాటిలో చాలావాటి డెక్కు మూడు పొరల నిర్మాణం. పైన ఫైబర్‌గ్లాసు పొర, నడుమ తేలికపాటి చెక్క లేదా నురుగు పలక, కింద మరొక పలుచని ఫైబర్‌గ్లాసు పొర.

ఈ ఏర్పాటును అర్థం చేసుకోవడానికి అట్టపెట్టె మంచి ఉదాహరణ. అట్టపెట్టె గోడలో రెండు పలుచని కాగితాల నడుమ మడతల కాగితం ఉంటుంది. విడివిడిగా ఏ కాగితానికీ బలం లేదు. నడిమి మడతలు రెండింటినీ దూరంగా, కదలకుండా పట్టి ఉంచడం వలన గోడకు బిగువు వస్తుంది. ఒకే పదార్థంతో చేసిన పలక మందం రెట్టింపు అయితే దాని బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. కాని మందమంతా ఫైబర్‌గ్లాసే అయితే పడవ పైభాగం బరువెక్కి, ఒరిగే గుణం పెరుగుతుంది. బరువు పెరగకుండా మందం పెంచడానికే నడుమ తేలిక చెక్కను వాడారు. తడిసిన అట్టపెట్టె ఎలా చతికిలబడుతుందో, నడిమి పొర తడిసి పొరల పట్టు విడిపోయిన డెక్కు కూడా అలాగే కుంగుతుంది.

నడిమి పొరకు ఎక్కువగా వాడినది బాల్సా చెక్క. ఇది ప్రధానంగా దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుండి వస్తుంది. దీనిని చిన్న చిన్న చదరపు ముక్కలుగా, నార నిలువుగా ఉండేటట్లు కోసి, పలుచని గుడ్డపై అతికించి పరుస్తారు. నిలువు నార వలన నీరు పక్కలకు త్వరగా పాకదు. అయితే ముక్కల నడుమ సందులు రెజిన్‌తో నిండకపోతే ఆ సందులే పంట బోదెల వలె నీటిని డెక్కు అంతటా పారిస్తాయి. కొన్ని పడవలలో బాల్సాకు బదులు ప్లైవుడ్ ఉంటుంది. ప్లైవుడ్ రేకులలో నార అడ్డంగా ఉంటుంది కనుక నీరు దాని వెంట దూరం పాకుతుంది.

చెక్కను నడుమ ఉంచే పద్ధతి పాతబడిపోయినది కాదు. భారత నౌకాదళంలో 2017 ఫిబ్రవరిలో చేరిన ఐఎన్ఎస్‌వి తారిణి 55 అడుగుల తెరచాప నౌక. గోవాలో తయారైన ఈ నౌక పొట్ట కూడా చెక్కను నడుమ ఉంచి ఫైబర్‌గ్లాసు పొదిగిన నిర్మాణమే. ఒడిశాలోని గంజాం జిల్లాలో వెలసిన తారాతారిణి ఆలయం పేరు దీనికి పెట్టారు. 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు ఆరుగురు మహిళా అధికారులు దీనిపై భూగోళాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. కనుక దోషం నడిమి చెక్కది కాదు. ఆ చెక్క దగ్గరకు నీటిని రానిచ్చిన రంధ్రానిది.

నీరు ప్రవేశించే దారి

డెక్కు ఉపరితలం గుండా నీరు లోపలికి ఇంకడం అరుదు. నీటికి దారి చూపేవి మేకులు, మరలు, బోల్టుల కోసం వేసిన రంధ్రాలు. ఒక సాధారణ పడవ డెక్కుపై ఇటువంటి రంధ్రాలు వందకు పైగా ఉండవచ్చు. తయారైన రోజున ప్రతి రంధ్రంలోనూ మూసివేత పదార్థం నింపి బోల్టు బిగిస్తారు. ఎండకు అది ఎండిపోతుంది. కడ్డీలను పట్టుకొని లాగిన ప్రతిసారీ దాని పట్టు కొద్దికొద్దిగా వదులుతుంది. వెంట్రుకవాసి సందు ఏర్పడితే చాలు, వాననీరు బోల్టు వెంట దిగి నడిమి చెక్కను చేరుతుంది. అక్కడికి గాలి, ఎండ తగలవు కనుక అది ఆరదు. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే నిలిస్తే కుళ్ళు పుట్టించే శిలీంధ్రాలకు అనువైన పరిస్థితి ఏర్పడుతుంది.

మిద్దె ఇంట్లో కురుపు ఎక్కడ పడుతోందో, కప్పు మీద పగులు కూడా సరిగ్గా అక్కడే ఉంటుందని అనుభవజ్ఞుడైన తాపీమేస్త్రీ అనుకోడు. పడవ విషయమూ అంతే. ముందు భాగంలో చొరబడిన నీరు నడిమి పొర వెంట పాకి వెనుక గదిలో చుక్కగా పడవచ్చు. చుక్క పడే చోట ఎంత పూత పూసినా ప్రయోజనం ఉండదు. పైగా బయటకు పోయే దారి మూసుకొని నీరు లోపలే నిలుస్తుంది. ఈ మరమ్మతులో జరిగే పొరపాట్లలో ఇది మొదటిది, సర్వసాధారణమైనది.

పరీక్షించే విధానం

మొదటి పరీక్షకు పనిముట్టు అక్కరలేదు. ఒట్టికాళ్ళతో డెక్కు అంతటా మెల్లగా నడవాలి. కుంగిన చోట, కిర్రుమన్న చోట సుద్దతో గుర్తు పెట్టాలి. కడ్డీల మొదట్లో నక్షత్రం ఆకారంలో వ్యాపించిన సన్నని పగుళ్ళు ఉంటే ఆ చోటును ప్రత్యేకంగా చూడాలి.

రెండవది శబ్ద పరీక్ష. మరతిప్పు పిడితో గాని చిన్న ప్లాస్టిక్ సుత్తితో గాని రెండేసి అంగుళాల దూరంలో తట్టుకుంటూ పోవాలి. గట్టి డెక్కు స్పష్టంగా టక్కుమంటుంది. పొరలు విడిపోయిన చోట, చెక్క తడిసిన చోట శబ్దం మందగించి దబ్బుమంటుంది. కుండ కొనేవారు వేలితో తట్టి పగులు కనిపెట్టే పద్ధతి ఇక్కడ కూడా పనిచేస్తుంది. శబ్దం మారిన హద్దు వెంట సుద్దగీత గీస్తే చెడిన భాగం పటం వలె కనిపిస్తుంది.

మూడవది రంధ్ర పరీక్ష. గది లోపలి వైపు నుండి సన్నని డ్రిల్లుతో కింది పొరను, నడిమి చెక్కను మాత్రమే తొలచాలి. పై పొర వరకు పోకుండా డ్రిల్లు పుల్లకు తగిన పొడవున టేపు చుట్టుకోవాలి. బయటకు వచ్చిన పొట్టు లేతరంగులో పొడిగా ఉంటే చెక్క క్షేమం. నల్లబడి, ముద్దగా, పుల్లని వాసనతో వస్తే అది కుళ్ళింది. తేమ కొలిచే విద్యుత్ పరికరాలు కూడా ఉన్నాయి. అయితే కింద లోహపు ముక్క ఉన్నా, పైభాగం తడిగా ఉన్నా అవి తప్పు చూపవచ్చు. వాటి లెక్కను రంధ్ర పరీక్షతో సరిచూసుకోవాలి.

నీరు చొరబడే రంధ్రాన్ని పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు అవసరం. ఒకరు గొట్టంతో డెక్కుపై నీరు పోయాలి, మరొకరు లోపల చూస్తూ ఉండాలి. పల్లపు వైపు నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క అమరికనూ కొన్ని నిమిషాలు తడిపి, తరువాత పైకి జరగాలి. డెక్కు అంతా ఒకేసారి తడిపితే ఏ రంధ్రం దోషియో తేలదు.

ఏది మరమ్మతు, ఏది కాదు

పైనుండి రంధ్రాలు వేసి ఎపాక్సీ రెజిన్ ఎక్కిస్తే సరిపోతుందన్న మాట వినిపిస్తూ ఉంటుంది. పొరలు విడిపోయినా చెక్క పొడిగా ఉన్నచోట, అదీ కొద్ది మేర మాత్రమే, ఈ పద్ధతి పనికి వస్తుంది. తడి చెక్కకు రెజిన్ అంటదు. కుళ్ళిన చెక్కలో పోసిన రెజిన్ అక్కడక్కడ గడ్డలు కట్టి, చుట్టూ కుళ్ళును యథాతథంగా మిగులుస్తుంది. కుళ్ళు నిర్ధారణ అయినచోట పొర కోసి, చెక్క తీసి, కొత్త చెక్క వేయడమే నిజమైన మరమ్మతు.

కోత పైనుండి వేయవచ్చు, కింది నుండి కూడా వేయవచ్చు. కింది నుండి చేస్తే పై అందం చెడదు. కాని తల పైకెత్తి పనిచేయాలి, రెజిన్ ముఖంపై కారుతుంది, బరువైన ముక్కలు అంటుకొనే వరకు పోట్లు పెట్టాలి. పైనుండి చేస్తే భూమ్యాకర్షణ పనివానికి సాయపడుతుంది. చాలామంది పై మార్గాన్నే ఎంచుకొంటారు.

చెడిన భాగాన్ని తొలగించడం

ముందుగా ఆ భాగంలోని కడ్డీలు, కొమ్ములు, పట్టీలు విప్పి, ఏది ఎక్కడిదో బొమ్మ గీసి ఉంచుకోవాలి. డెక్కు మధ్యలో కొద్దిగా ఉబ్బి, అంచులకు వాలుగా ఉంటుంది. కోసిన తరువాత ఆ వంపు పోకుండా లోపలి నుండి పోట్లు పెట్టాలి. రంపం లోతును పై పొర మందానికి సరిపడా, సాధారణంగా 3 నుండి 5 మిల్లీమీటర్లకు, అమర్చుకొని కోయాలి. కింది పొర తెగకుండా కాపాడుకోవాలి. మరమ్మతు అంతా నిలిచేది దానిమీదనే. పై పొరను పలుచని పట్టీతో మెల్లగా ఎత్తితే ఒకే ముక్కగా వస్తుంది. దానిని పారవేయక తిరిగి వాడుకోవచ్చు.

కుళ్ళిన చెక్క ఉలితో గీస్తేనే ఊడివస్తుంది. పొడి చెక్క తగిలే వరకు అన్ని వైపులకూ తొలగిస్తూ పోవాలి. అవసరమైతే కోతను పెంచడానికి సంకోచించకూడదు. గంప కింద ఒక్క కుళ్ళిన పండు మిగిలితే మిగతావి చెడినట్లు, మూల మిగిల్చిన తడి చెక్క మళ్ళీ వ్యాధికి మొదలవుతుంది. తరువాత కింది పొర లోపలి ముఖాన్ని 60 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఫ్యాను పెట్టి కొన్ని రోజులు ఆరనివ్వాలి. ఈ ఆరుదల విషయంలో తొందరపడినవారు మరమ్మతును రెండుసార్లు చేయవలసి వస్తుంది.

కొత్త చెక్క వేయడం

పాత చెక్క మందానికి సరిగ్గా సరిపోయే కొత్త బాల్సా లేదా సముద్రపు తరగతి ప్లైవుడ్ తీసుకొని, ముందు పొడిగా పేర్చి చూసుకోవాలి. అటు తరువాత కింది పొరకూ, చెక్క అడుగు ముఖానికీ పలుచని ఎపాక్సీ పూయాలి. అదే ఎపాక్సీలో సన్నని సిలికా పొడి కలిపి వెన్నముద్దలా చేసి కింది పొరపై పరచి, చెక్కను అందులో ఒత్తి కూర్చోబెట్టాలి. ముక్కల సందులన్నీ ఆ ముద్దతో నిండాలి. పైన పాలిథిన్ కాగితం పరచి ఇసుక సంచులు బరువు పెట్టాలి. గాలి బుడగ మిగిలిన చోట పట్టు ఉండదు.

గట్టిపడిన తరువాత పై పొరను అదే విధంగా అంటించాలి. కోత గీత వెంట పాత పొర, తీసిన పొర రెండింటి అంచులనూ వాలుగా అరగదీయాలి. వాలు వెడల్పు పొర మందానికి పన్నెండు రెట్లు ఉండాలన్నది పనివారు పాటించే నియమం. పొర 3 మిల్లీమీటర్లయితే వాలు ఒక్కొక్క వైపు 36 మిల్లీమీటర్లు. ఆ వాలులో ఫైబర్‌గ్లాసు గుడ్డను పొరలు పొరలుగా ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక నీటితో కడిగి, అరగదీసి, సమం చేయాలి. ఎపాక్సీ ఎండకు చెడుతుంది కనుక పైన పెయింటు తప్పనిసరి. కాలు జారకుండా పెయింటు తడిగా ఉన్నప్పుడే సన్నని పొడి ఇసుక చల్లడం పాత, నమ్మదగిన పద్ధతి.

రంధ్రాలను మూసే తీరు

ఇంతవరకు చేసిన పని అంతా నిలవడం, నిలవకపోవడం ఈ చివరి అంకం మీద ఆధారపడి ఉంది. 6 మిల్లీమీటర్ల బోల్టు కోసం 6 మిల్లీమీటర్ల రంధ్రమే వేస్తే బోల్టు చెక్కను తాకుతూ ఉంటుంది. అలా కాక, పై పొరలోనూ చెక్కలోనూ 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కింది నుండి టేపు అంటించి, దానిని చిక్కని ఎపాక్సీతో నింపాలి. గట్టిపడ్డాక సరిగ్గా నడుమ 6 మిల్లీమీటర్ల రంధ్రం తొలవాలి. అప్పుడు బోల్టు చుట్టూ గట్టి ఎపాక్సీ గోడ ఏర్పడుతుంది. భవిష్యత్తులో మూసివేత పదార్థం చెడినా నీరు గదిలోకి కారుతుందే తప్ప చెక్కను చేరదు. కారిన నీరు కంటికి కనిపిస్తుంది, వెంటనే సరిచేయవచ్చు. చెక్కలో దాగిన నీరు ఏళ్ళ తరబడి కనిపించదు. రెండింటికీ ఉన్న తేడా ఇదే.

రంధ్రం పై అంచును కొద్దిగా గిన్నెలా అరగదీస్తే మూసివేత పదార్థం అక్కడ కంకణంలా నిలుస్తుంది. ఇందుకు బ్యుటైల్ టేపు అనుకూలం. సిలికాన్ వాడితే దాని జిడ్డు మిగిలి తరువాత ఏ పూతా అంటదు. డెక్కు కింద పెద్ద పలక పెట్టి నట్టు బిగించాలి. బిగించేటప్పుడు బోల్టును తిప్పక నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగితే మూసివేత చిరిగిపోతుంది.

వేడి, తేమ గల తీరంలో జాగ్రత్తలు

పాశ్చాత్య దేశాల పుస్తకాలలోని సమయాలు బంగాళాఖాతం తీరానికి వర్తించవు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ గట్టిపడే సమయం సుమారు సగానికి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం డబ్బాలో ఎక్కువగా కలిపిన ఎపాక్సీ పూయకముందే ఉడికి పొగలు కక్కుతుంది. నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ ఎంచుకొని, కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పోసుకోవాలి. వాన రోజులలో ఈ పని పెట్టుకోకూడదు. చెక్కకు పూత వేయడానికి సాయంకాలం మంచిది. ఎండ ఎక్కే వేళ చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలు లేస్తాయి. చల్లబడే వేళ గాలి సంకోచించి రెజిన్‌ను లోపలికి లాగుకొంటుంది.

తీరంలోని ఫైబర్ పనివారికి పాలిస్టర్ రెజిన్ అలవాటు. అందులో గట్టిపరిచే ద్రవాన్ని వాతావరణాన్ని బట్టి కొంత హెచ్చుతగ్గులు చేస్తారు. ఎపాక్సీతో అది కుదరదు. తయారీదారు చెప్పిన పాళ్ళు తప్పితే అది ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా అంటుతుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ పట్టు నమ్మదగినది కాదు.

మరొక హెచ్చరిక ప్రాణానికి సంబంధించినది. పాలిస్టర్ పనిలో వాడే కోబాల్ట్ ద్రవాన్ని, గట్టిపరిచే పెరాక్సైడు ద్రవాన్ని నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. అవి మండిపోవచ్చు, పేలవచ్చు. ఒకదానిని రెజిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే రెండవది వేయాలి. పెరాక్సైడు కంటిలో పడితే చూపు పోవచ్చు. ఫైబర్ అరగదీసేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు, కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. ఆ దుమ్ములో పిల్లలను తిరగనివ్వకూడదు.

చేపల పడవలకు ఈ పాఠం

పూరీలోని పెంటకోట, గంజాం తీరంలోని గోపాలపురం, గోదావరి ఒడ్డున యానాం, ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున పులికాట్ వరకు తెలుగు మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. వారి పెద్దలు వాడిన కుట్టు పడవల పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి, ఆ కుట్టును మళ్ళీ మళ్ళీ విప్పి కుట్టేవారు. యానాం చేరువలోని తాళ్ళరేవులో కొయ్య ఓడలు కట్టేవారికి సందులలో నార కూరి పూడ్చడం నిత్యకృత్యం. కొయ్య పడవ ఏటేటా తన అవసరాన్ని తానే చెప్పుకొనేది. ఫైబర్ పడవ చెప్పదు, అందువలననే దానిని అడిగి తెలుసుకోవాలి.

ఫైబర్ పడవలలో ఇంజను బిగించే వెనుక పలక లోపల తరచుగా ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బోల్టు రంధ్రాల గుండా నీరు చేరితే అది డెక్కు వలెనే కుళ్ళుతుంది. పడవ తేలడానికి అరలలో నింపిన నురుగు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ నీరు పీల్చుకోవచ్చు. పడవను ఒడ్డుకు లాగడానికి మునుపటి కన్నా ఎక్కువ మంది అవసరమవుతున్నారంటే అందుకు ఇదీ ఒక కారణం కావచ్చు. ఇంజను తలను చేతితో పైకీ కిందికీ ఊపినప్పుడు వెనుక పలక కదిలితే, ఆ పడవను సముద్రంలోకి దింపే ముందే పలకను పరీక్షించాలి.

వేట నిషేధ కాలంలో పడవలు ఒడ్డున ఉంటాయి. తూర్పు తీరంలో అది ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు. వానలు ముదరకముందు, ఎండ కాసే ఆ రోజులు ఇటువంటి పరీక్షకు, ఆరుదలకు అనువైనవి. సుద్దముక్క, చిన్న సుత్తి, బకెట్టు నీళ్ళు, ఒక పూట సమయం ఉంటే చాలు. వదులైన ఒక్క బోల్టును ఆ పూట విప్పి, రంధ్రం పూడ్చి, తిరిగి బిగిస్తే, కొన్నేళ్ళ తరువాత డెక్కు మొత్తం కోయవలసిన శ్రమ తప్పుతుంది.